గురక తగ్గించుకోవడానికి వచ్చి యిడకి పట్టుకున్న ఒకాయన: పద్నాలుగు నెలల కేస్ స్టడీ

ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చంకలో ఒక రంగురంగుల గొట్టం ఉంది, డిజరిడూ, అంటే ఆస్ట్రేలియా ఆదివాసీలు ఊదే పొడవాటి వాద్యం. దాని మీద చుక్కల బల్లి, చుక్కల కంగారూ, అడుగున చిన్న స్టిక్కర్. గోటితో గీరి చూశాను, వెదురు. టూరిస్టు షాపులో కొన్నారట, "ఆదివాసీలు చేత్తో చేసింది" అని చెప్పి అమ్మారట. ఇండోనేషియాలో చేయించి ఆదివాసీల కళ అని అమ్ముకున్న ఒక కంపెనీకి 2019లో ఇక్కడి ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది, అయినా ఆ సరుకు ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటుంది. ఆయనకి ఆ సంగతి చెప్పేసరికి ముఖం చిన్నబోయింది. "పోనీ మాస్టారూ, ఊదడానికి పనికొస్తుందా?" అన్నారు. ఊదడానికి పీవీసీ పైపు కూడా పనికొస్తుంది అన్నాను. నిజంగానే దానితోనే మొదలుపెట్టాం.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో మృదంగం నేర్పుతాను. డిజరిడూ పట్టుకుని పదకొండేళ్ళు. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఈశాన్య ఆర్నమ్ ల్యాండ్‌లో ఈ వాద్యాన్ని యిడకి అనే ఆదివాసీలు యోల్ఙు జనం. నేను యోల్ఙు మనిషిని కాను, వాళ్ళ పాటలు నేర్పే హక్కు నాకు లేదు, ఆ మాట మొదటి రోజే చెప్పేస్తాను. పెదవి, నాలుక, ఊపిరి వరకు నేను చూస్తాను. బాణీ విషయానికొస్తే, అది ఎవరిదో వాళ్ళే బయటివాళ్ళ కోసం రికార్డు చేసిన పాఠాలు పెట్టుకుని శిష్యుడి పక్కన నేనూ కూర్చుంటాను. ఇంకో మాట, ఇందులో చనిపోయిన ఆదివాసీ కళాకారుల పేర్లు ఉన్నాయి. ఇక్కడ అలా ముందే చెప్పడం మర్యాద. ఈ కేసు ఆయన అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.

వయసు 46, ఐటీ ఉద్యోగం, స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, రాత్రిళ్ళు మాస్కు పెట్టుకుని పడుకోవాలి. డిజరిడూ ఊదితే గురక తగ్గుతుందని ఎవరో చెప్పారు. అది పూర్తిగా గాలి కబురు కాదు. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో స్విట్జర్లాండ్ వాళ్ళ అధ్యయనం ఒకటి వచ్చింది. 25 మందిని తీసుకుని కొందరితో నాలుగు నెలల పాటు, వారానికి కనీసం ఐదు రోజులు, రోజుకి 20 నిమిషాలకు తగ్గకుండా ఊదిస్తే, వాళ్ళకి పగటి మగత, రాత్రి ఊపిరి ఆగడం రెండూ తగ్గాయి. 25 మంది అంటే చాలా చిన్న లెక్క, అందుకని మాస్కు తీసేస్తానంటే నేను ఒప్పుకోలేదు, డాక్టరు చెప్పేదాకా ఉండాల్సిందే అన్నాను. వాళ్ళావిడ గుమ్మంలోనే నిలబడి "అన్నయ్యగారూ, పాట రాకపోయినా ఫర్వాలేదు, నాకు నిద్ర పడితే చాలు" అన్నారు.

పైపు 1.35 మీటర్లు, లోపలి వెడల్పు 40 మిల్లీమీటర్లు. అంత వెడల్పు నోటికి ఎక్కువ కాబట్టి పై అంచుకి తేనెమైనం చుట్టి 30కి తెచ్చాం. పెదవులు వదులుగా పెట్టి, చిన్నపిల్లలు బుర్రుమని కారు నడిపినట్టు ఆడిస్తే శ్రుతి పలుకుతుంది, దాదాపు 63 హెర్ట్జ్. అది రెండో క్లాసుకే వచ్చేసింది. ఊపిరి తెగకుండా ఊదడం నేర్పడానికి గ్లాసెడు నీళ్ళు, ఒక స్ట్రా చాలు. బుగ్గల్లో గాలి దాచుకుని, ఆ గాలితో బుడగలు వదులుతూ, అదే క్షణంలో ముక్కుతో గబుక్కున పీల్చాలి, బుడగలు ఆగకూడదు. మొదటి వారం అంతా కిచెన్ సింకు దగ్గరే, చొక్కా తడుపుకుంటూ. మూడో వారానికి బుడగలు ఆగడం మానేశాయి. మన పాములవాళ్ళు నాగస్వరం ఊదేది ఇలాగే, సన్నాయి మేళంలో శ్రుతి పట్టే ముసలాయన బుగ్గలు ఉబ్బించుకుని గంటలకొద్దీ పట్టేదీ ఇలాగే. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో ఆ ముసలాయన్ని చూసి ఈయనకి ఊపిరే అక్కర్లేదా అనుకునేవాణ్ణి.

నా పొరపాటు ఇక్కడే మొదలైంది.

ఆయన శ్రుతి చక్కగా, నున్నగా, ఎక్కడా అతుకు తెలియకుండా సాగుతోంది. నేను మురిసిపోయాను. ఆ నున్నని శ్రుతి మీదే ఆదితాళం లెక్కలో దెబ్బలు పెట్టించాను, నోటితో తకధిమి తకజొణు అనిపించి, అదే నాలుకతో గొట్టంలోకి ఊదించాను. రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెలలో అసలు రికార్డింగు పెట్టాను. యోతు యిండి అనే బ్యాండులో వాయించిన మిల్కయ్‌ఙు మునుంగుర్ర్ నేర్చుకునేవాళ్ళ కోసం తానే చేసిన పాఠం అది. ఆయన ఒక నిమిషం విని, "ఇది మనం ఊదేది కాదు కదా మాస్టారూ" అన్నారు.

నిజమే. మేం దాచడానికి ప్రయత్నించిన ఊపిరి అక్కడ బాహాటంగా వినిపిస్తోంది. ముక్కుతో పీల్చే ఆ చిన్న చప్పుడు తాళపు ప్రతి చుట్టులోనూ అదే చోట, చాలా తరచుగా, కొంచెం కొంచెంగా వస్తోంది, దాంతో అదీ ఒక దెబ్బలాగే పడుతోంది. ఊపిరి అయిపోతే పీల్చుకోవడం కాదు, ఆ నడకలో ఊపిరికి ముందే ఒక చోటుంది. నేనేమో ఆయనకి శ్రుతి పట్టే సన్నాయివాడి ఊపిరి నేర్పాను. బయట నేర్చుకునేవాళ్ళలో నూటికి తొంభై మంది ఊపిరి తెగకుండా ఊదడం వస్తే డిజరిడూ వచ్చేసినట్టే అనుకుంటారు, పదకొండేళ్ళ తర్వాత కూడా నా చేతులు అదే పని చేశాయి. ఆ అలవాటు వదిలించడానికి రెండు నెలలు పట్టింది, నేర్పడానికి మూడు వారాలే పట్టింది.

ఇక నాలుక. ఇక్కడ మన తెలుగు నోరు పనికొచ్చింది. ఇంగ్లీషులో అందరూ యిదాకి అంటారు గానీ ఆ మాటలో ఉన్నది ద కాదు, డ. వాళ్ళ రాతలో d కింద గీత పెడతారు, అంటే నాలుక మడిచి పలకాలని. తెలుగులో రాస్తే యిడకి, గీత అక్కర్లేకుండానే సరిపోతుంది. యోల్ఙు భాషల్లో త వేరు ట వేరు, న వేరు ణ వేరు, ల వేరు ళ వేరు. ఇంగ్లీషువాళ్ళకి ఆ తేడా చెవికి ఎక్కడానికే నెలలు పడుతుంది. మనం అక్షరమాలలో, వాఙ్మయం లాంటి ఒకటి రెండు మాటల్లో తప్ప వాడని ఙ వాళ్ళకి మాట మొదట్లోనే వచ్చేస్తుంది, 'ఙర్ర' అంటే నేను. ఈ సంగతి చెప్పగానే ఆయన కూతురు నవ్వి, ఆ రోజంతా ఇంట్లో "ఙర్ర ఆకలి, ఙర్ర ఆకలి" అని తిరిగిందట.

ఇది సరదాకి చెప్పడం లేదు. వాళ్ళు ఏ నడకైనా ముందు నోటితో చెప్పుకుని తర్వాత గొట్టంలో పెడతారు, మనం జతి చెప్పి వాయించినట్టే. ఆ నోటి అక్షరాలు వాళ్ళ భాషలోంచి వచ్చినవి, కాబట్టి నాలుక తగిలే చోటు మారితే దెబ్బ మారిపోతుంది. పళ్ళకి ఆనించి ద అంటే ఒక రంగు, వెనక్కి మడిచి డ అంటే ఇంకో రంగు. ఈశాన్య ఆర్నమ్ ల్యాండ్ బాణీకి 'గట్టి నాలుక' అని ఇంగ్లీషులో పేరు పడింది, నాలుక దెబ్బ అంత బిగువుగా ఉండాలన్నమాట. సిడ్నీ న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ భౌతికశాస్త్రంవాళ్ళు 2005లో నేచర్ పత్రికలో దీని గుట్టు రాశారు. నోరు, గొంతు తమ ప్రతిధ్వనితో శ్రుతిలోని కొన్ని ఫ్రీక్వెన్సీల పట్టీలను అణిచేస్తాయి, మిగిలినవి పైకి తేలతాయి, మన చెవికి అచ్చుల్లా వినిపించేది అదే. నాలుక అంగిలికి దగ్గరగా లేపి పెట్టినప్పుడు ఈ తేడా బాగా బలంగా వినిపిస్తుంది.

ఆయనకి ఒక పని అప్పజెప్పాను. నెల రోజులు గొట్టం ముట్టుకోకూడదు. కారులో ఆఫీసుకి వెళ్ళేటప్పుడు వినడం, నోటితో అనడం. మొదట్లో చిరాకు పడ్డారు, "గురకకి మందు ఆపేసినట్టు ఉంది మాస్టారూ" అన్నారు, అందులోనూ న్యాయం ఉంది, కాబట్టి రాత్రి 20 నిమిషాలు ఊరికే శ్రుతి ఊదుకోమని సర్దుకున్నాం.

వినడానికి ఒక పద్ధతి పెట్టాం. ఒకే పాటని మూడుసార్లు, మొదటిసారి బిల్మ మీద మాత్రమే చెవి, అంటే పాడేవాడు చేతిలో కొట్టే గట్టి కర్రలు, చిడతల్లాంటివే గానీ గజ్జెలుండవు. రెండోసారి యిడకి, మూడోసారి గొంతు. ఎవరు ఎవరి వెనక నడుస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. నడిపేది పాడేవాడు. మణికాయ్ అంటారు ఆ పాటల్ని, కులాల వారీగా... కులం అంటే మన కులం కాదు, ఒక నేలకీ ఒక పూర్వీకుడికీ చెందిన వంశం అనుకోండి. ఒక్కో చరణం చిన్నదే, చాలావరకు నిమిషం లోపు. పెద్దాయన గొంతు సవరించుకుని బిల్మ మొదలుపెడితే యిడకి వచ్చి చేరుతుంది. యిడకి పట్టుకునేది తరచుగా వయసులో చిన్నవాడే, పాటలన్నీ తెలిసిన పెద్దవాళ్ళు పాడతారు. మన కచేరీలో మృదంగంవాడు పాటగాడి వైపు చూస్తూ ఉంటాడే, అలాగే.

ఈశాన్యంలో ఇంకొకటుంది, కూత. పెదవి బిగించి ఒక్కసారి బలంగా ఊదితే శ్రుతికి చాలా పైన ఒక స్వరం పలుకుతుంది. పీవీసీ పైపులో అది దాదాపు పై స్థాయి పంచమం మీద పడుతుంది, ఒక వైపు మూసుకున్న సమాన వెడల్పు గొట్టం లెక్క అది. అసలైన కట్టె కిందికి పోను పోను వెడల్పవుతుంది కాబట్టి కూత అంత పైకి పోదు, ఎక్కడ పలుకుతుందో కట్టె కట్టెకీ మారుతుంది. ఆయన కూతలు మొదట్లో హైవే మీద లారీ హారన్లా ఉండేవి, పక్కింటి కుక్క బదులిచ్చేది. కష్టం కూత పలికించడంలో లేదు, కూత వేసి మళ్ళీ శ్రుతిలోకి సందు లేకుండా దిగడంలో ఉంది. అది రావడానికి ఐదు నెలలు పట్టింది, ఇప్పటికీ నాలుగింటికి ఒకటి జారుతుంది.

కూత వచ్చిన ఆనందంలో ఆయన దాన్ని ప్రతిచోటా వేయడం మొదలెట్టారు. అప్పుడు మాగో రికార్డింగు పెట్టాను. కాథరిన్ దగ్గర బెస్విక్‌కి చెందిన డేవిడ్ బ్లనాసి వాయించినది. ప్రపంచమంతా తిరిగి వాయించిన మనిషి, 2001లో ఇంటి దగ్గర అడవిలోకి వెళ్ళి తిరిగి రాలేదు, ఎంత వెతికినా దొరకలేదు. పడమటి ఆర్నమ్ ల్యాండ్‌లో ఈ వాద్యం పేరు మాగో, సాధారణంగా కాస్త పొట్టి. ఆ బాణీలో కూత ఉండదు. శ్రుతి లోపలే, నోరూ నాలుకా ఊపిరితోనే నడకంతా. మా శిష్యుడు పాట పూర్తయ్యేదాకా కూత ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసి, రాకపోయేసరికి మళ్ళీ మొదటినుంచి పెట్టించుకున్నారు. ఇంకా పడమరగా డేలీ నది వైపు వంగ్గ పాటలుంటాయి, అక్కడి వాద్యం పేరు మళ్ళీ వేరు. డిజరిడూ అనే మాట వీళ్ళెవరిదీ కాదు, బయటివాళ్ళు ఆ చప్పుడు విని పెట్టుకున్నదే అయ్యుంటుంది. ఆస్ట్రేలియా మొత్తానికి ఇది పాత వాద్యం కూడా కాదు, ఉత్తరపు కొసన పుట్టి తర్వాత మిగతాచోట్లకి పాకింది. షాపుల్లో నలభై వేల ఏళ్ళ వాద్యమంటారు గానీ, రాతి బొమ్మల్ని బట్టి చెప్పగలిగేది సుమారు 1,500 ఏళ్ళు.

ఈ కేసులో నాకు బాగా టెన్షన్ పెట్టిన రోజు ఉగాది. ఇక్కడి తెలుగువాళ్ళ సభలో ఆయన డప్పుతో కలిపి ఫ్యూజన్ వాయించారు, నాకు ముందు చెప్పలేదు. యాంకరమ్మ "ఆదివాసీల పూజా సంగీతం" అని పరిచయం చేసింది. ఆయన వాయించినది ఒక పాత రికార్డింగులో విని పట్టుకున్న నడక, నేర్చుకోమని ఎవరూ ఇచ్చింది కాదు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇంటికొచ్చాక ఇద్దరం టీ పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నాం. యోల్ఙు లోకంలో మనుషులు, నేలలు, జంతువులు, పాటలు అన్నీ ధువా, యిరిట్జా అని రెండు భాగాలు. పాటలు, వాటి వెంట నడిచే నడకలు ఏదో ఒక వంశానివి. ఆయన వాదన ఏమిటంటే, మనం త్యాగరాజ కీర్తన ఎవరు పాడినా కాదనం కదా అని. కాదనం, కానీ ఊళ్ళో అమ్మవారి జాతరలో పోతురాజు వేషం ఎవరుబడితే వాళ్ళు వేసుకుని స్టేజీ ఎక్కుతారా అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ నడక ఇక వాయించలేదు. ఆ వీడియో సభవాళ్ళ దగ్గరనుంచి తీయించేశారు కూడా, నేను అడగకుండానే.

అదే రోజు వాళ్ళమ్మాయి తనూ ఊదుతానంది, పద్నాలుగేళ్ళు. ఈశాన్య ఆర్నమ్ ల్యాండ్‌లో క్రతువుల్లో యిడకి వాయించేది మగవాళ్ళే. ఆడవాళ్ళు సరదాకి ముట్టుకోవచ్చా అన్నదానికి ఊరూరికీ, మనిషి మనిషికీ జవాబు మారుతుంది, కొందరికి అది చాలా నొచ్చుకునే విషయం. నేను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు, తెలిసినదంతా ఆ పిల్లకి చెప్పాను. పీవీసీ పైపులో శ్రుతి ఒకటే ఊదుకుంటోంది ఇప్పుడు. దాన్ని యిడకి అనొద్దని తనే వాళ్ళ నాన్నకి చెప్పిందట, "అది పైపు డాడీ" అని.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. ఈ వాద్యం పేరుకి దగ్గరగా వినిపించే పేరున్న ఒకాయన 2011లో చనిపోవడంతో, అక్కడ చాలామంది యిడకి అనడం మానేసి మండపుల్ అన్నారు. చనిపోయినవాళ్ళ పేరు, దాన్ని పోలిన మాట కూడా నోట రాకూడదు. మా నాయనమ్మ మా తాత పేరు రంగయ్య అని రంగు అనే మాట కూడా అనేది కాదు, వన్నె అనేది. అది బతికున్న మొగుడి మీద మర్యాద, ఇది పోయినవాళ్ళ మీద. ఈ కథ చెప్పాక ఆయనకి పేర్లు రాసుకునేటప్పుడు ఒక జాగ్రత్త వచ్చింది.

పదో నెలలో ఆయన అసలు కట్టె కొన్నారు, ఈశాన్య ఆర్నమ్ ల్యాండ్‌లోని యిర్కలాలో ఉన్న బుకు లర్ర్ంగాయ్ ముల్కా కళాకేంద్రం నుంచి, చేసినవాడి పేరు, వంశం రాసిన కాగితంతో సహా. యూకలిప్టస్ జాతిలో స్ట్రింగీబార్క్ అనే చెట్టు అది, వాళ్ళ మాటలో గడయ్క. చెట్టు నిలబడి ఉండగానే లోపల చెదలు తిని డొల్ల చేస్తాయి. మనిషి చేసే పని, మాను మీద తట్టి విని, ఏది సరిగ్గా డొల్ల అయిందో పట్టుకోవడం, నరికి, బెరడు తీసి, చెక్కడం. కట్టె ఇంటికొచ్చిన రోజు ఆయన ఊదలేదు. ఒక చివర కన్ను పెట్టి చూస్తే లోపల చెదలు తిన్న గీతలు వంకరటింకరగా, వాగు పారినట్టు. "నేను మూడు వేల డాలర్లు పోసి సోఫాకి చెదల మందు కొట్టించాను మాస్టారూ" అన్నారు.

గల్పు వంశానికి చెందిన జాలు గుర్రువివి అనే పెద్దాయన, 2022లో పోయారు, ఈ వాద్యాన్ని చేయడంలో, వాయించడంలో లోకమంతా ఎరిగిన మనిషి. ఆయన దగ్గర నేర్చుకోవడానికి దేశదేశాల నుంచి జనం వెళ్ళేవాళ్ళు. మేం అక్కడికి వెళ్ళాలంటే డార్విన్ దాకా ఒక ఫ్లైటు, అక్కడినుంచి గోవ్ విమానాశ్రయానికి ఇంకొకటి, పైగా అది ఆదివాసీల సొంత నేల కాబట్టి పర్మిట్లు. 1999 నుంచి ఆగస్టులో గుల్కులాలో గర్మా అనే ఉత్సవం జరుగుతుంది. గుమజ్ వంశంవాళ్ళకి యిడకిని గన్బులబుల అనే పూర్వీకుడు తెచ్చిచ్చిన చోటు అదేనట. వచ్చే ఏడాది వెళ్దామని మా శిష్యుడు డబ్బు దాచుకుంటున్నారు.

ఫలితాలు అడుగుతారు కాబట్టి చెబుతాను. గురక తగ్గిందని వాళ్ళావిడ అంటున్నారు, మాస్కు మాత్రం అలాగే ఉంది, డాక్టరు మళ్ళీ పరీక్ష రాశారు, నేను దాన్ని నా ఖాతాలో వేసుకోను. వాద్యం వరకు, నేర్చుకోమని వాళ్ళే బయటపెట్టిన నడకలు మూడు శుభ్రంగా వచ్చాయి, ఊపిరి చప్పుడుతో సహా. నాలుగోదానిలో నాలుక ఇంకా డ బదులు ద మీదే పడుతోంది. మళ్ళీ ఇలాంటి శిష్యుడొస్తే ముందు నెల రోజులు వినిపించి, నోటితో చెప్పించి, ఆ తర్వాతే నీళ్ళ గ్లాసు ముందు పెడతాను. ఆదితాళం జోలికి అసలు పోను.

మొన్న ఆదివారం రికార్డింగు పెట్టుకుని దానితోపాటు ఊదుతున్నారు. మణికాయ్‌లో చరణం చివర ఒకటి జరుగుతుంది, యిడకి, బిల్మ రెండూ ఆగిపోయాక కూడా గొంతు ఒక్కటే కాసేపు సాగుతుంది. ఇన్నాళ్ళూ ఆయన ఆ చోట ఆగలేక గొంతు మీదికి శ్రుతి తోసేవారు, సందు కనిపిస్తే నింపాలనిపించేది పాపం. మొన్న నేనేమీ అనలేదు. ఆఖరి కూత వేసి, గొట్టం పెదవుల మీంచి తీసి, మోకాలికి ఆనించి పెట్టుకున్నారు. ఆ పాత గొంతు ఒంటరిగా దిగుతూ దిగుతూ ఆగిపోయేదాకా ఆయన కదల్లేదు.